రెండో గిరాకీ ఎవరు?



ఈ పూట పెట్రోలు గురించి మాట్లాడుకుందాం. పెట్రోలు అంటున్నాను గానీ, నిజానికి మాట్లాడేది పొలం గురించే. బంకు దగ్గర ఆగి ఒక లీటరు పోయించుకున్నారనుకోండి. అందులో ఐదో వంతు పొలంలోంచి వచ్చిందే. అంటే రెండు చిన్న టీ గ్లాసులంత. కొంత చెరకు నుంచి, కొంత బియ్యం నూకల నుంచి, అన్నిటికంటే ఎక్కువగా మొక్కజొన్న నుంచి. దాని పేరు ఇథనాల్. 2013-14లో మన పెట్రోలులో ఇది ఒకటిన్నర శాతం ఉండేది. 2025కి 20 శాతానికి చేరింది. పదకొండేళ్లలో ఇంత మార్పు వచ్చిన సరుకులు మన వ్యవసాయంలో అరుదు.

బండి తాగడం మొదలుపెట్టిన పంట ఊరికి లాభమా, నష్టమా? ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పలేను. కానీ రైతుకు పనికొచ్చే ఒక చిన్న ప్రశ్న మాత్రం చెప్పగలను. ఇంధనం కోసం ఏ పంట వేయమన్నా, విత్తనం కొనేముందు ఇలా అడగండి: "దీనికి రెండో గిరాకీ ఎవరు?"

మళ్లీ చెప్తాను. మొదటి గిరాకీ ఎవరో అందరూ చెప్తారు. బోర్డు మీద రాసి ఉంటుంది, కరపత్రంలో అచ్చేసి ఉంటుంది. వాడు రాకపోతే మన సరుకు ఎవరు తీసుకుంటారు? అది అడగండి.

ఈ ప్రశ్న నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. కర్నూలు జిల్లాలో మా చిన్నాన్న మూడెకరాల చేను దగ్గర నేర్చుకున్నాను.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి నివేదిక ఇచ్చింది. బీడు భూముల్లో జట్రోఫా వేస్తే, దాని గింజల నూనెతో డీజిల్ చేయొచ్చని. డీజిల్‌లో 20 శాతం దాకా అదే కలపొచ్చని. దానికి కోటి హెక్టార్లకు పైగా భూమి కావాలని లెక్క కూడా కట్టారు. జట్రోఫా అంటే ఏమిటో అనుకునేరు. మన అడవి ఆముదమే. కొన్ని చోట్ల నేపాళం అంటారు. కంచెకు నాటుతాం కదా, పుల్ల విరిస్తే పాలు కారుతాయి, అది. నీళ్లు అక్కర్లేదన్నారు. ఎరువు అక్కర్లేదన్నారు. మేకలు కూడా ముట్టవు కాబట్టి కాపలా అక్కర్లేదన్నారు.

మా చిన్నాన్నకు ఆ చివరి మాట బాగా నచ్చింది. ఒక కంపెనీవాళ్లు వచ్చారు. మొక్కలిస్తాం, కాయలు మేమే కొంటాం అన్నారు. మూడెకరాల్లో నాటాడు. మొదటి కాపుకే మూడేళ్లు పట్టింది. వచ్చింది కూడా చెట్టుకు గుప్పెడు గింజలు. నీళ్లు లేకుండా బతుకుతుందన్నది నిజమే. బతకడం వేరు, కాయడం వేరు. బీడులో వేస్తే బీడు పంటే వస్తుంది. ఆ సంగతి మనకంటే ఆ మొక్కకే బాగా తెలుసు.

ఆ గుప్పెడు గింజలనూ బస్తాలకెత్తి పెట్టాడు. కొంటామన్నవాళ్లు రాలేదు. ఒక ఏడాది చూశాడు, రెండో ఏడాది చూశాడు. ఇంటికి తెచ్చి పశువులకు పెడదామా అంటే విషం. పిల్లలు తిన్నా వాంతులే. నూనె వంటకు పనికిరాదు. పిండి దాణాకు పనికిరాదు. సంతలో అడిగేవాడు లేడు. అప్పుడు మా చిన్నాన్న అన్న మాట ఇది: "మేక ముట్టదంటే సంబరపడితినిరా. మేక ముట్టనిది ఇంకెవరు ముడతారని అడగకపోతిని."

ఇలా దెబ్బతిన్నది మా చిన్నాన్న ఒక్కడే కాదు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఇదే కథ. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా లాంటి దేశాల్లోనూ ఇదే కథ. కాపు తక్కువ కావడం ఒక దెబ్బ. రెండో గిరాకీ లేకపోవడం ఇంకో దెబ్బ.

దీనికి ఎదురుగా కానుగను చూడండి. అది కూడా ఇంధనం చెట్టే. ఆదిలాబాద్ అడవుల్లో పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ గింజలు ఏరి, నూనె తీయించే మిల్లు నడిపాయి. డీజిల్ బదులు ఈ నూనె వాడితే గాలిలో కలిసే కార్బన్ తగ్గుతుంది కదా. అలా తగ్గే 147 టన్నుల లెక్కకు 2003లో ప్రపంచ బ్యాంకు ఆ ఊరికి 645 డాలర్లు ఇచ్చింది. పెద్ద సొమ్మేమీ కాదు. అయినా వాళ్లు మునగలేదు. ఎందుకని? నూనె తీశాక మిగిలే కానుగ పిండి పొలానికి ఎరువు. ఆకు పచ్చిరొట్ట. నూనె మన తాతలు దీపం పెట్టుకున్నదే. పుల్ల పళ్లు తోముకోవడానికి. ఇంజన్ తాగకపోయినా కానుగకు పనుంది. అడవి ఆముదానికి కంచెగా నిలబడటం తప్ప పెద్దగా ఇంకో పని లేదు.

ఇప్పుడు మొక్కజొన్న దగ్గరికొద్దాం. తెలంగాణ శ్రోతలకు మక్కలు. దీనికి గిరాకీలు బోలెడు. కోడి తింటుంది. పశువు తింటుంది. గంజిపొడి చేసే ఫ్యాక్టరీ కొంటుంది. మనమూ వానాకాలం సాయంత్రం కంకి కాల్చుకుని తింటాం. ఇన్ని ఉండగా ఇంకో కొత్త గిరాకీ వచ్చింది, ఇథనాల్ ఫ్యాక్టరీ. రైతుకు ఇంకేం కావాలి?

నిజమే, మంచిదే. ఎంత మంచిదో కొంచెం లెక్క చూద్దాం. చిన్న లెక్కే, చెవితో వింటే అర్థమైపోతుంది.

ఇథనాల్ ఎలా చేస్తారో చెప్పడానికి నాకు సారా బట్టీ కంటే మంచి ఉదాహరణ దొరకడం లేదు. అబ్కారీవాళ్లు వింటుంటే క్షమించాలి. బెల్లం నీళ్లు పులియబెట్టి ఊట తయారుచేస్తారు. దాన్ని కాచి ఆవిరిని పడితే సారా. మొక్కజొన్న సంగతీ అంతే. పిండి చేసి, ఉడికించి, అందులోని గంజిని చక్కెరగా మార్చి, పులియబెట్టి, కాస్తారు. నీరు పూర్తిగా తీసేస్తే ఇథనాల్. అడుగున పిప్పి మిగులుతుంది. ఆ పిప్పి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఒక క్వింటాల్ మొక్కజొన్న నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2023-24లో ఆయిల్ కంపెనీలు మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు 71 రూపాయల 86 పైసలు ఇచ్చాయి. 38 లీటర్లకు ఎంత? 2,730 రూపాయలు. పిప్పి అమ్మితే ఇంకో నాలుగైదు వందలు. మొత్తం 3,100, 3,200 అనుకోండి. ఫ్యాక్టరీవాడు ఇందులోంచే బొగ్గు కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి, బ్యాంకు కిస్తీ కట్టాలి, కూలీ ఇవ్వాలి. అన్నీ పోను మిగిలిన దాంట్లోంచే రైతుకు ఇవ్వగలడు. అంటే మన గింజ ధరకు ఒక పైకప్పు ఉంది. ఆ పైకప్పు ఎత్తు మన మార్కెట్ యార్డులో తేలదు. ఆయిల్ కంపెనీలు లీటరుకు ఇచ్చే ధర దగ్గర తేలుతుంది. యార్డులో దళారీతో ఎంత బేరమాడినా ఆ కప్పు ఇంచు కూడా పైకి లేవదు.

అలాగని మొక్కజొన్న రైతుకు ఏమీ రాలేదని కాదు. వచ్చింది. 2023లో వానలు సరిగా లేవు. బియ్యానికి, చక్కెరకు కొరత వస్తుందేమోనని కేంద్రానికి భయం పట్టుకుంది. జూలైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యాన్ని ఇథనాల్‌కు ఇవ్వడం ఆపేసింది. డిసెంబర్‌లో చెరకు రసం మీద ఆంక్షలు పెట్టింది. ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారిగా మొక్కజొన్న మీద పడ్డాయి. ధర లేచింది. ఏటా మొక్కజొన్నను బయటికి పంపే మన దేశం, 2024లో మయన్మార్ నుంచి, ఉక్రెయిన్ నుంచి తెప్పించుకుంది. ముడి చమురు దిగుమతి తగ్గించుకుందామని మొదలుపెట్టిన పని, గింజల దిగుమతి దాకా వచ్చింది.

ఇక్కడ కోళ్ల ఫారం దగ్గరికి వెళ్దాం. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలో ముందు వరస. తెలంగాణ కూడా వెనక లేదు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో సగం మొక్కజొన్న అనుకుందాం. పదివేల కోళ్లున్న ఫారానికి రోజుకు ఐదున్నర క్వింటాళ్ల మొక్కజొన్న కావాలి. క్వింటాల్‌కు 500 రూపాయలు పెరిగిందనుకోండి. రోజుకు 2,750 రూపాయల అదనపు ఖర్చు. నెలకు 80 వేలు దాటిపోతుంది. ఆ ఫారంలో రోజుకు తొమ్మిది వేల గుడ్లు వస్తే, గుడ్డుకు 30 పైసలు పెరిగినట్టు.

30 పైసలే కదా అంటారా? మధ్యాహ్న భోజనంలో పిల్లవాడి పళ్లెంలో ఉన్న గుడ్డు అది. అంగన్‌వాడీలో బాలింతకు ఇచ్చే గుడ్డు అది. ఫారం నడిపే రైతు కూడా రైతే. ఆయన పేరు పక్కన పరిశ్రమ అని రాస్తారు గానీ, అప్పు మనలాగే పుట్టిస్తాడు.

ఇప్పుడు పిప్పి దగ్గరికి వస్తాను, గుర్తుపెట్టుకోమన్నాను కదా. గంజి అంతా ఇథనాల్‌కు పోతే, మాంసకృత్తులు పిప్పిలో మిగులుతాయి. ఎండబెట్టి బస్తాల్లో అమ్ముతారు. కోళ్ల దాణావాళ్లు దీన్ని డీడీజీఎస్ అంటారు. మంచి దాణానే. సోయా చెక్క కంటే చవక. మరి దాణాలో ఇది చేరితే ఏది తగ్గుతుంది? సోయా చెక్క తగ్గుతుంది. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయాచిక్కుడు వేసే రైతులు వింటుంటే వాళ్లకు తెలిసిన నొప్పే ఇది. 2024-25లో సోయాకు మద్దతు ధర క్వింటాల్‌కు 4,892 రూపాయలు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర యార్డుల్లో అంతకంటే చాలా తక్కువకే అమ్మారు. విదేశీ నూనెలు కూడా కారణమే, పిప్పి ఒక్కటే కాదు. కానీ పిప్పి కూడా ఒక కారణం.

చూశారా, ఎంత వింతో. మొక్కజొన్న రైతుకు బండి గిరాకీ తగిలింది. ఆ గిరాకీ వదిలేసిన పిప్పి వెళ్లి పక్క చేనులోని సోయా రైతు గిరాకీని లాక్కుంది. ఇద్దరిదీ ఒకే ఊరు కావచ్చు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నదమ్ములు కూడా కావచ్చు.

ఇలాంటి గొలుసు మన వంటింట్లోనూ ఉంది. ఇండొనేషియా దేశం డీజిల్‌లో పామాయిల్ కలుపుతుంది. 2025 నుంచి 40 శాతం కలపాలని పెట్టుకుంది. మనం తెచ్చుకునే పామాయిల్‌లో చాలా భాగం అక్కడిదే. అక్కడి లారీలు ఎక్కువ తాగితే, ఇక్కడ బజ్జీల బండి మీద మూకుడులో నూనె ప్రియం. అదే ధర పెరిగినప్పుడు, ఏలూరు, ఖమ్మం వైపు ఆయిల్‌పామ్ రైతు గెలల ధర పెరిగి నవ్వుతాడు. బజ్జీ తినేవాడు, గెల కోసేవాడు ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చుంటారు. సరే, అది పక్కన పెడదాం.

అసలు మాటకొద్దాం. రెండో గిరాకీ.

మొక్కజొన్నకు గిరాకీలు బోలెడున్నాయి, రైతుకు ఇంకేం కావాలి అన్నాను కదా. అందులో ఒక చిక్కుంది. కొత్తగా వచ్చిన పెద్ద గిరాకీ మిగతావాళ్లను దూరం చేయగలదు. ధర పెరిగినప్పుడు కోళ్లవాళ్లు ఊరుకోలేదు. నూకలకు మళ్లారు, సజ్జలకు మళ్లారు, దిగుమతి అడిగారు. అంటే పాత గిరాకీ కొంచెం పక్కకు జరిగింది. ఈలోపు రైతులేం చేశారు? ధర బాగుందని దేశమంతా మొక్కజొన్న వేశారు. అది తప్పు కాదు, ఎవరైనా అదే చేస్తారు.

తర్వాత జరిగింది వినండి. 2025 జనవరిలో కేంద్రం ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఇథనాల్‌కు మళ్లీ ఇచ్చింది. ధర క్వింటాల్‌కు 2,250 రూపాయలు. ఆ ఏడాదికి 52 లక్షల టన్నుల దాకా కేటాయించారు. ఈ 2,250 గురించి ఒక్క నిమిషం ఆగాలి. అప్పటి వడ్ల మద్దతు ధర 2,300. క్వింటాల్ వడ్లు ఆడిస్తే 67 కిలోల బియ్యం వస్తాయి. అంటే క్వింటాల్ బియ్యానికి వడ్ల ఖర్చే 3,400 దాటుతుంది. మిల్లు కూలి, లారీ కిరాయి, గోడౌన్ అద్దె వేరు. ఆ బియ్యాన్ని 2,250కి ఇచ్చారు. తేడా ఎవరు కట్టారు? మనమే, పన్నుల్లో. గోడౌన్లు నిండిపోయి బియ్యం పురుగు పడుతోంది కదా, ఏదో ఒకటి చేయాలి కదా అని ప్రభుత్వం అంటుంది. ఆ మాటలోనూ నిజం లేకపోలేదు. కానీ ఫ్యాక్టరీవాడి వైపు నుంచి చూడండి. బియ్యం 2,250. మొక్కజొన్న మద్దతు ధర ఆ వానాకాలానికి 2,400. బియ్యం మొక్కజొన్న కంటే చవకైపోయింది. మా నాయనమ్మ బతికుంటే ఈ మాట నమ్మేది కాదు. ఆమె కాలంలో పండగకు గానీ వరి అన్నం లేదు.

దానికి తోడు ఇథనాల్ ఫ్యాక్టరీలు లెక్కకు మించి వచ్చేశాయి. 2025-26కు అవన్నీ కలిసి సుమారు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామన్నాయి. ఆయిల్ కంపెనీలు తీసుకుంటామన్నది సుమారు 1,048 కోట్ల లీటర్లు. పది బిందెలు తీసుకెళ్తే ఆరు బిందెల నీళ్లే దొరికినట్టు. 2025 శరదృతువులో మొక్కజొన్న ధర మద్దతు ధర కిందికి జారింది. కర్ణాటకలో రైతులు రోడ్డెక్కారు. క్వింటాల్ 1,600, 1,800కి అమ్ముకున్నారు. తెలంగాణలో మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాలు తెరవాల్సి వచ్చింది.

అంతకు ఏడాది ముందు మొక్కజొన్న బంగారం. ఏడాది తిరగకుండానే రోడ్డు మీద కుప్ప. మధ్యలో వాన తప్పలేదు, తెగులు రాలేదు. అందరూ అదే పంట వేశారు, ఢిల్లీలో ఒక ధర మారింది, అంతే.

మరి దేశానికి లాభం లేదా అంటే, ఉంది. మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి నుంచే వస్తుంది. ఇథనాల్ వల్ల 2014 నుంచి లక్ష కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం ఆదా అయిందని కేంద్రం చెబుతోంది. చక్కెర మిల్లులకు డబ్బు తిరిగి, చెరకు బకాయిలు త్వరగా తీరాయన్నదీ నిజమే. బండి మైలేజీ కొంచెం తగ్గిందని మీరంటారు. అదీ నిజమే, లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోలు అంత శక్తి ఉండదు. నీళ్ల సంగతి మాత్రం నాకు అంత తేలిగ్గా మింగుడుపడదు. చెరకు నుంచి ఒక్క లీటరు ఇథనాల్ రావాలంటే, పంటకు పెట్టే నీటితో కలిపి, 2,860 లీటర్ల నీళ్లని నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే ఉంది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని హైవే మీద కూర్చుంటే పనులు ఆపాల్సి వచ్చింది. వాళ్లు పెట్రోలుకు వ్యతిరేకులు కాదు. మా బోరు, మా గాలి ఏమవుతాయని అడిగారు.

ఇంతకీ మనం ఏం చేయాలి? మొక్కజొన్న మానేయమని నేను చెప్పను. మొక్కజొన్నకు రెండో గిరాకీ ఉంది, మూడోదీ ఉంది. అందుకే అది అడవి ఆముదంలా మునగలేదు. 1,600కైనా కొన్నవాడు ఉన్నాడు. అడవి ఆముదాన్ని పదహారు రూపాయలకు కూడా అడిగినవాడు లేడు. అక్కడే తేడా ఉంది.

కాబట్టి విత్తేముందు మీ ఊళ్లోనే కొంచెం వాకబు చేయండి. ముప్పై, నలభై కిలోమీటర్ల లోపల కోళ్ల ఫారాలున్నాయా? దాణా మిల్లుందా? ఇథనాల్ ఫ్యాక్టరీ ఆగిపోతే వాళ్లు మీ సరుకు తీసుకుంటారా? తేమ ఎంత ఉంటే తీసుకుంటారు? ఈ చివరిది చాలామంది అడగరు. సరిగా ఎండని గింజకు బూజు పడుతుంది. బూజు గింజ కోడికి విషం. ఫ్యాక్టరీవాడు ఒక్కోసారి చూసీచూడనట్టు తీసుకోవచ్చు, కోళ్లవాడు మాత్రం తీసుకోడు. కళ్లంలో ఇంకో రెండు రోజులు ఆరబెడితే, మీకు రెండో గిరాకీ మిగులుతుంది. ఆరబెట్టకపోతే పోతుంది. ఖర్చు లేని పని ఇది. పట్టా కప్పడానికి ఒక మనిషి ఉంటే చాలు.

కొత్త పంట ఏదైనా పట్టుకుని ఎవరైనా వస్తే, ఇదే అడగండి. వెదురు అంటారు, తీపి జొన్న అంటారు, రేపు ఇంకోటి అంటారు. వాళ్లందరూ మోసగాళ్లని కాదు నా ఉద్దేశం. కొందరు నిజంగా నమ్మే వస్తారు. మా చిన్నాన్న దగ్గరికి వచ్చిన కుర్రాడు కూడా నమ్మే వచ్చి ఉంటాడు. తీపి జొన్న అంటే, గింజ ఇంటికొస్తుంది, చొప్ప పశువుకొస్తుంది, కాడ రసం మాత్రమే ఫ్యాక్టరీకి. అలాంటిదైతే కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడండి. ఫ్యాక్టరీకి తప్ప ఇంకెందుకూ పనికిరాదంటే, టీ ఇవ్వండి, సంతకం మాత్రం పెట్టకండి.

మొన్న వానాకాలం ముందు మా చిన్నాన్నకు ఫోన్ చేశాను. అడవి ఆముదాన్ని ఎప్పుడో జేసీబీ పెట్టి పీకించేశాడు. గట్టు మీద ఒక వరస మాత్రం ఉంచాడు, కంచెగా. ఈసారి ఏం వేస్తున్నావు చిన్నాన్నా అంటే, రెండెకరాలు మొక్కజొన్న, ఒకెకరా కంది అన్నాడు. కంది ఎందుకన్నాను. "కందులు ఏ బండీ తాగదు గదప్పా" అన్నాడు.

కందులకూ దిగుమతుల పోటు ఉంది, మయన్మార్ నుంచి కూడా వస్తాయి అని చెప్పబోయాను. చెప్పలేదు. ఇంట్లో పప్పుకైనా మిగులుతాయి కదా అనుకున్నాను. కందుల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.